మనవైపు తిప్పుకోవడం

జిగురు బాబాయ్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా లైబ్రరీ వెనక గదిలో పుస్తకాలు కుడుతున్నాడు గానీ, వాటిలో ఒక్కదాన్నీ చదివిన పాపాన పోలేదు. చదవడం రాక కాదు. రోజూ పేపరును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నమిలేస్తాడు. కుట్టుకి వచ్చిన పుస్తకం జోలికి మాత్రం పోడు. "చదువుతూ కూర్చుంటే కుట్టేదెప్పుడు?" అంటాడు. అది ఆయన పెట్టుకున్న నియమం, ఆ నియమమంటే ఆయనకు ఎక్కడలేని గర్వం.

ఆ గది సైకిల్ స్టాండుకీ పాత పేపర్ల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒక కిటికీ, పొడుగాటి బల్ల, పిడి తిప్పితే పుస్తకాన్ని అదిమి పట్టుకునే ఇనప ప్రెస్సు, మైనం రాసిన దారపు ఉండలు, దబ్బనాలు, పిండి ఉడికించి చేసిన జిగురు గిన్నె. ఆ జిగురు వేళ్ళ మీద ఎండి పొరలు పొరలుగా ఊడుతుంటుంది కాబట్టి ఆయన జిగురు బాబాయ్ అయ్యాడు. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకి కూడా బాబాయే. ఇంట్లో ఆయన భార్య, అంటే అందరి పిన్ని, "పొద్దున మనిషి వెళ్తాడు, సాయంత్రం సగం అట్ట తిరిగొస్తుంది" అని ఎకసెక్కాలాడుతుంది.

చదవకపోయినా పుస్తకం గురించి ఆయనకు తెలిసినంత చదివినవాళ్ళకి తెలియదు. ఏ పేజీ దగ్గర నలిగిందో, ఎక్కడ కుట్టు వదిలిందో, ఏ అంచు మీద వేలి మరకలున్నాయో చూసి జనం ఆ పుస్తకాన్ని ఏం చేశారో చెప్పేస్తాడు. నవలలు చివర్లో చిరుగుతాయి, ఆగలేనివాళ్ళు ముందే ముగింపు చూస్తారు కాబట్టి. పరీక్షల గైడ్లు మధ్యలో రెండుగా విడిపోతాయి, పంచుకుని చదువుతారు కాబట్టి. ఇక వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు. అవి సరిగ్గా నలభయ్యో పేజీ దాకా నలుగుతాయి. అక్కణ్ణుంచి చివరిదాకా ప్రెస్సులోంచి ఇప్పుడే దిగినట్టుంటాయి. "జనం నలభై పేజీలు మారతారు, తర్వాత మానేస్తారు" అని బాబాయ్ తీర్మానం. ఆ పుస్తకాల గురించి నెలకు రెండు శనివారాలు లైబ్రరీ హాల్లో గుండ్రంగా కూర్చుని అభిప్రాయాలు చెప్పుకునేవాళ్ళంటే ఆయనకు భలే వేళాకోళం.

ఒక్క విషయంలో మాత్రం ఎవరు వేళాకోళమాడినా ఊరుకునేవాడు కాదు. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిచి మడిచి పదహారు పేజీలు చేస్తే దాన్ని ఫారం అంటారు. అలాంటి ఫారాలు ఒకదాని మీద ఒకటి పేర్చి కుడితే పుస్తకం. వాటిలో ఒకటి అటూ ఇటూ అయితే ఆ పుస్తకం గంగలో కలిసినట్టే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో బాబాయ్ చేతిలో ఫారం తప్పలేదు. చుట్టుపక్కల ప్రెస్సులవాళ్ళు కూడా "ఫారం తప్పని చెయ్యి" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా బాబాయ్ నేల చూపులు చూసేవాడు, మనసు మాత్రం మబ్బుల్లో తేలేది.

మేడమ్ గదిలో, అంటే లైబ్రేరియన్ గదిలో, తాళం వేసిన బీరువా ఒకటుంది. దాన్లో చేత్తో రాసిన పాత పుస్తకాలు పంతొమ్మిది. కుట్లు పోయి, అట్టలు ఊడి, ఎవరైనా ముట్టుకుంటే పొడి రాలేటట్టున్నాయి. వాటిని తన చేత్తో కుట్టాలని బాబాయ్‌కి పదేళ్ళుగా కోరిక. కమిటీవాళ్ళు ఎవరినీ నమ్మలేదు. మేడమ్ రెండేళ్ళు వాళ్ళ చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరితే చివరికి ఒప్పుకున్నారు, అదీ "ఒక్క తప్పు కూడా చెయ్యని మనిషి" అన్న మాట మీద. వచ్చే నెల తాళం తెరవాలని అనుకున్నారు. బాబాయ్ అప్పుడే ఆ పుస్తకాల కోసం మెత్తటి నూలు దారం తెచ్చి, మైనం రాసి, విడిగా దాచాడు.

సరిగ్గా అప్పుడే ఎర్రట్ట పుస్తకం కుట్టుకి వచ్చింది.

అది మనుషుల్ని గెలవడం ఎలాగో చెప్పే పుస్తకం. ఆ ఎర్ర గుడ్డ అట్ట వేసింది కూడా బాబాయే, పోయిన వానాకాలంలో. యథాప్రకారం నలభయ్యో పేజీ దగ్గర వేలు పెట్టి తెరవబోయాడు. పుస్తకం అక్కడ తెరుచుకోలేదు. తనంతట తాను తొంభై ఆరో పేజీ దగ్గర బార్లా తెరుచుకుంది. తొంభై ఏడు నుంచి నూట పన్నెండు దాకా పదహారు పేజీలు నీళ్ళకు ఉబ్బి, ఆరి, మళ్ళీ ఉబ్బి ఉన్నాయి. అంచుల మీద బొటనవేలి మరకలు ఒకదాని మీద ఒకటి. ఒక పేజీకి సబ్బు వాసన, ఇంకోదానికి మిషన్ ఆయిల్ వాసన. నూట పదమూడు నుంచి మళ్ళీ కొత్త పుస్తకమే. బాబాయ్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇలా నలిగిన పుస్తకాన్ని ఆయన చూడలేదు. వ్యక్తిత్వ వికాసాన్ని నీళ్ళ బకెట్ పక్కన పెట్టుకుని చదివేవాళ్ళు ఎవరబ్బా అని ముక్కున వేలేసుకున్నాడు.

ఇంకొకడైతే అప్పుడే చదివేవాడు. బాబాయ్ నియమం బాబాయ్‌ది. అంతలో మేడమ్ కబురు పంపింది. ఆ మధ్యాహ్నం శనివారం వాళ్ళు మాట్లాడుకునేది ఆ పుస్తకం గురించేనట, కుట్టు పడకపోయినా ఫర్వాలేదు, ఒక గంట హాల్లోకి తెచ్చిస్తే చాలంది. బాబాయ్ దాన్ని దారంతో కట్టి తీసుకెళ్ళి, లెక్కల మాస్టారి చేతికిచ్చి, వెళ్ళిపోకుండా తలుపు పక్కన నిలబడ్డాడు. ఆ పదహారు పేజీల్లో ఏముందో వాళ్ళ నోటే విందామని.

లెక్కల మాస్టారు ఆ గుంపుకి పెద్ద. ఉద్యోగంలో ఉన్నప్పుడు పిల్లల్ని గడగడలాడించినాయన, ఇప్పుడు పుస్తకాల రచయితల్ని గడగడలాడిస్తున్నాడు. మొదటి ఆరు అధ్యాయాలు ఉత్త ఊకదంపుడని ఆయన తేల్చేశాడు. పొద్దున్నే లేవమంటాడు, అద్దంలో చూసి నవ్వమంటాడు, ఇవి చెప్పడానికి పుస్తకమెందుకన్నాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు ఒప్పుకున్నాడు. టైలరక్క కూడా ఒప్పుకుంది. పదిహేను మందీ ఒక్క మాట మీదే ఉన్నారు. ఈ పుస్తకం తొంభై ఏడో పేజీలో మొదలవుతుందన్నారు. అక్కడ రచయిత ఒక్కసారిగా వేరే మనిషైపోయాడని, అలాంటి మాటలు ఇంతకు ముందు ఎవరూ రాయలేదని ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. మాస్టారు గొంతు సవరించుకుని పైకి చదివాడు.

"ఎదుటి మనిషిని మనవైపు తిప్పుకోవాలంటే ముందుగా చేతులు శుభ్రంగా కడుక్కుని, అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకోవాలి. చల్లటి చేతులతో తాకరాదు. ఏం చేయబోతున్నామో ముందే చెప్పాలి. చెప్పకుండా కదపరాదు. లాగరాదు, నెట్టరాదు. భుజం మీద ఒక చెయ్యి, నడుము మీద ఒక చెయ్యి వేసి నెమ్మదిగా మనవైపు దొర్లించుకోవాలి. తిప్పిన తర్వాత వీపుకు ఆసరా పెట్టకుండా వదిలి వెళ్ళరాదు."

అందరికీ వాక్యం వినిపించిన చోట బాబాయ్‌కి కుట్టు వినిపించింది. "ముందుగా" దగ్గర ఒక పుస్తకం ఆగింది. "చేతులు" దగ్గర ఇంకో పుస్తకం మొదలైంది.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం గది కప్పు కారింది. బల్ల మీద రెండు పుస్తకాలు ఫారాలు ఫారాలుగా విప్పి ఉన్నాయి. ఒకటి ఈ గెలుపు పుస్తకం, ఇంకోటి మంచం పట్టినవాళ్ళని ఎలా చూసుకోవాలో చెప్పే పుస్తకం. రెండూ ఒకే ప్రెస్సులో అచ్చయినవి, ఒకే కొలత, ఒకే అక్షరం, ఒకే రకం కాగితం. నీళ్ళ చుక్కలు పడుతున్నాయని హడావిడిగా రెంటినీ పక్కకు జరిపాడు. తర్వాత పేజీల అంకెలు చూసుకుని పేర్చాడు. తొంభై ఆరు తర్వాత తొంభై ఏడు, నూట పన్నెండు తర్వాత నూట పదమూడు. అంకెలు సరిపోయాయి. ఒక్క వాక్యం, ఒకే ఒక్క వాక్యం చదివి ఉంటే పట్టుబడేది. దానికి ఎర్రట్ట వేశాడు, రెండోదానికి ఆకుపచ్చ అట్ట వేశాడు, చేతులు దులుపుకున్నాడు.

హాల్లో అభిప్రాయాలు జోరుగా సాగుతున్నాయి. మాస్టారు పావుగంట వ్యాఖ్యానం చేశాడు. చేతులు కడుక్కోవడమంటే పాత పగలు కడుక్కోవడమట. అరచేతులు వెచ్చబరచుకోవడమంటే మాటల్లో వెచ్చదనం తెచ్చుకోవడమట. వీపుకు ఆసరా అంటే ఎదుటివాడు ఒప్పుకున్నాక వాణ్ణి గాలికి వదిలెయ్యకుండా ఉండడమట. బాబాయ్‌కి నవ్వు రావలసింది, రాలేదు. టైలరక్క అంత దూరం వెళ్ళలేదు. ఆమె ఉన్నదున్నట్టు చేసింది. కొలతలు తీసే ముందు చేతులు కడిగి రుద్దుకుంటోంది, "ఇప్పుడు భుజం కొలుస్తానమ్మా" అని చెప్పి కొలుస్తోంది. ఎప్పుడూ బిగుసుకుపోయి నిలబడే ఒక పెద్దావిడ ఈసారి ఒళ్ళు వదులు చేసి నిలబడిందని, ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆమె జాకెట్టు సరిగ్గా కుదిరిందని చెప్పింది. ఈ పుస్తకాల్లో ఒక అధ్యాయానికీ ఇంకోదానికీ పొంతన ఉండాలని ఎవరూ అడగరు కాబట్టి, నూట పదమూడులో రచయిత ఉన్నట్టుండి ఇంటర్వ్యూల గురించి ఎందుకు ఎత్తుకున్నాడని ఏ ఒక్కరికీ అనుమానం రాలేదు.

చివరికి మాస్టారు మూలన కూర్చున్న కండక్టరు వైపు చూశాడు. ఎండకు కమిలిన మొహం, టికెట్లు చింపి చింపి అరిగిన బొటనవేలు. బస్సులో ఊరంతా వినబడేలా అరిచే మనిషి, ఇక్కడ మాత్రం ఎప్పుడూ నోరు విప్పడు. మాస్టారు పట్టుబట్టి అడిగితే మొదలుపెట్టాడు.

వాళ్ళ నాన్న వడ్రంగి. కొడుకు పనిముట్లు పక్కన పడేసి బస్సెక్కినందుకు తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పళ్ళెంలో ఉప్పు అందుకుంటూ, ఒక్క మాట లేదు. "ఉలి వదిలేసిన చెయ్యి నా ఒంటి మీద పడటానికి వీల్లేదు" అన్నది ఆయన చివరి మాట. అలాంటి మనిషి కిందపడి తుంటి విరిగి మంచాన పడ్డాడు. కోడలు ఒక్కతే తిప్పలేకపోతోంది. కొడుకు చెయ్యి వేస్తే కర్రలా బిగుసుకుపోతాడు. ఏం చెయ్యాలో తోచక, మనుషుల్ని గెలిచే పుస్తకమంటే ఇది పట్టుకెళ్ళానని కండక్టరు చెప్పాడు.

"తొంభై ఏడో పేజీ తిప్పేసరికి నా ఒళ్ళు జలదరించిందండి. ఎవరో మా ఇంట్లోకి తొంగి చూసి రాసినట్టుంది. సరే, రాసినట్టే చేద్దామనుకున్నా. చేతులు కడుక్కున్నా, రుద్దుకున్నా. ముందే చెప్పాలని ఉంది కదా, మరి చెప్పాలంటే పిలవాలి. 'నాన్నా, ఎడమవైపు తిప్పుతున్నాను' అన్నా. తొమ్మిదేళ్ళయిందండి నేను ఆ మాట అని."

మొదటి రోజు ఆయన కళ్ళు మూసుకున్నాడట. కండక్టరు డ్యూటీకి వెళ్ళే ముందు, మధ్యాహ్నం, తిరిగొచ్చాక, రోజూ అదే చేశాడు. పుస్తకం మంచం పక్కనే బకెట్ మీద తెరిచి పెట్టుకున్నాడు. నడుము ఎక్కడ పట్టుకోవాలో, మోకాలు ఎంత వంచాలో, దిండు ఎక్కడ పెట్టాలో అన్నీ ఆ పేజీల్లోనే ఉన్నాయి.

"పదకొండో రోజు నేను నోరు తెరవక ముందే ఆయన చెయ్యి తీసి నా భుజం మీద వేశాడు" అన్నాడు కండక్టరు.

టైలరక్క ఉండబట్టలేక, ఏమైనా అన్నారా అని అడిగింది.

"'చేతులు వెచ్చగా ఉన్నాయిరా' అన్నాడు."

మాస్టారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బాబాయ్ తలుపు పక్కన గోడకి ఆనుకున్నాడు. జన్మలో ఆయన ఇంతగా ఆశ్చర్యపోలేదు. తన కంటి ముందు, తను బుద్ధి లేక కుట్టిన ఒక తప్పుడు కుట్టు ఒక ఇంట్లోకి వెళ్ళి, తొమ్మిదేళ్ళ మౌనాన్ని విప్పి వచ్చింది. తప్పు చేసినందుకు సిగ్గుపడాలో, దాని ముందు చేతులు జోడించాలో ఆయనకు అర్థం కాలేదు. రెండూ చేశాడు.

ఆ ఆశ్చర్యం వెనకే భయం కూడా వచ్చింది. ఆ పేజీలు ఇక్కడున్నాయంటే, నిజంగా కావలసినవాళ్ళ దగ్గర లేవన్నమాట. బాబాయ్ పరుగులాంటి నడకతో అరల దగ్గరికి వెళ్ళి ఆకుపచ్చ అట్ట పుస్తకాన్ని తీశాడు. తొంభై ఏడు దగ్గర ఒక చీటీ ఉంది. ఏడు నెలల కిందటి తేదీ. నీలం ఇంకు, గుండ్రటి చేతిరాత.

"ఈ పేజీలు ఈ పుస్తకానివి కావు. దయచేసి సరిచేయండి. మా అమ్మను ఎలా తిప్పాలో నాకు తెలియాలి."

కింద ఒక ఆడమనిషి సంతకం, కార్డు నంబరు. కౌంటర్లో ఎవరో ఆమెను చీటీ రాసి లోపల పెట్టమని ఉంటారు, పెట్టింది. పుస్తకం అరలోకి వెళ్ళింది. ఆ తర్వాత దాన్ని తెరిచిన నాథుడు లేడు. బాబాయ్ చీటీని జేబులో పెట్టుకున్నాడు, రిజిస్టర్లో చిరునామా రాసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సహించలేదు. ఉక్కపోతగా ఉందని పిన్ని అంటే లేచి, "కిటికీ తెరుస్తున్నాను" అని చెప్పి తెరిచాడు. పిన్ని తేరిపార చూసింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఈ మనిషి ఏదైనా చేసే ముందు చెప్పి చెయ్యడం ఆమె ఎరగదు. ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

ఆదివారం పొద్దున్నే ఆ చిరునామా పట్టుకుని వెళ్ళాడు. మెట్ల కింద పిల్లల చెప్పుల వరస, పైన ట్యూషన్ టీచరమ్మ ఇల్లు. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన, ఆ తల్లి బతికుందా లేదా అని. తలుపు తట్టడానికి చెయ్యి ఎత్తి రెండుసార్లు దించాడు. టీచరమ్మ తలుపు తీసింది. బాబాయ్ చీటీ చూపించాడు, ఎవరో చెప్పాడు, తప్పు తనదేనని చెప్పాడు. గడపలోనే నిలబడ్డాడు.

"లోపలికి రండి బాబాయ్ గారూ. అమ్మ చూస్తుంది" అంది ఆమె.

కిటికీ పక్కన మంచం మీద ఒక పెద్దావిడ దిండుకి ఆనుకుని కూర్చుని, కుడి చేత్తో బఠానీలు ఒలుస్తోంది. ఎడమ చెయ్యి ఒళ్ళో కదలకుండా ఉంది. బతికే ఉంది.

టీచరమ్మ నవ్వుతూనే చెప్పింది గానీ కళ్ళు తడిగా ఉన్నాయి. ఆకుపచ్చ పుస్తకంలో తొంభై ఆరో పేజీ చివర "పక్షవాతం వచ్చినవారి విషయంలో మరీ ముఖ్యంగా" అని ఆగిందట. పేజీ తిప్పితే "వారి బలహీనత ఏమిటో కనిపెట్టి, దాన్ని పొగుడుతూ పోవాలి" అని ఉందట.

"మా అమ్మ బలహీనత కనిపెట్టడానికి నాకు పుస్తకం కావాలా, చెప్పండి?"

ఆ రోజు ఆమె కౌంటర్ దగ్గర నిలబడి గోల పెడుతుంటే, వెనక ఒక మనిషి ఎర్రట్ట పుస్తకంతో నిలబడి ఉన్నాడు. తొంభై ఏడో పేజీ అన్న మాట వినగానే అతని మొహం మారిపోయింది. పుస్తకం తెరిచి చూసుకున్నాడు, ఆమె పుస్తకం అడిగి చూశాడు, ఏమీ అనలేదు. సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, అమ్మను ఎలా తిప్పాలో తన చేతులతో చేసి చూపించాడు. తర్వాత వారం రోజులు డ్యూటీ దిగి వస్తూ వచ్చి వెళ్ళాడు. అతనే కండక్టరు.

కండక్టరుకి ఏడు నెలలుగా తెలుసు. మాస్టారు పాత పగలు కడుక్కోవడం గురించి పావుగంట ఉపన్యాసం దంచుతుంటే అన్నీ తెలిసి మూలన కూర్చున్నాడు.

లైబ్రరీలో మళ్ళీ ఎందుకు చెప్పలేదని బాబాయ్ అడిగాడు.

"నేను చెబుతానంటే ఆయనే వద్దన్నారు. 'బైండరు గారికి తెలిస్తే సరిచేసేస్తారు. ఆ పేజీలు మళ్ళీ రోగుల పుస్తకంలోకి పోతాయి. గెలవాలని వచ్చేవాళ్ళెవరూ ఆ పుస్తకం తెరవరు. నేనూ తెరిచేవాణ్ణి కాదు' అన్నారు."

పెద్దావిడ ఒలిచిన బఠానీలు దోసిట్లో పోసి ఇస్తే, అవి ఏం చెయ్యాలో తెలియక బాబాయ్ జేబులో పోసుకుని బయటికొచ్చాడు. రోజూ ఎక్కే బస్సులో, టికెట్ చింపి చేతిలో పెట్టే మనిషిలో ఇంత ఉందని తనకు ఏనాడూ తోచలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మరకల్ని చూసి మనుషుల్ని లెక్కగట్టాడు. ఒక్క మరక వెనక ఇంత ఉంటే, చూసీ చూడనట్టు తుడిచి అట్ట వేసిన వేల పుస్తకాల్లో ఎన్ని ఉన్నాయో అనుకుంటూ నడిచాడు.

కానీ కండక్టరు అన్నదాన్లో ఒక చిక్కుంది. ఆ పేజీలు లేక ఇంకో టీచరమ్మ ఇంకో చీటీ రాస్తే? ప్రతి చీటీ వెనకా ఒక కండక్టరు నిలబడి ఉండడు కదా. సరిచెయ్యక తప్పదు. సరిచెయ్యాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే బీరువా సంగతి ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. గుట్టుచప్పుడు కాకుండా విప్పి, మార్చి, కుట్టెయ్యడం ఆయనకు అరగంట పని. మనలో చాలామందిమి అదే చేస్తాం, చేసి హాయిగా నిద్రపోతాం. బాబాయ్ కూడా రెండు రోజులు ఆ ఆలోచన చేశాడు. మూడో రోజు మేడమ్ గదిలోకి వెళ్ళి, బీరువా వైపు చూడకుండా అంతా చెప్పేశాడు.

తర్వాతి శనివారం హాల్లో కూడా చెప్పాడు. గుండ్రంగా వేసిన కుర్చీల మధ్య నిలబడి, రెండు పుస్తకాలూ చేతుల్లో పట్టుకుని, "ఆ పేజీలు ఈ పుస్తకం రాసినాయనవి కావండి. నా పొరపాటు" అన్నాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు పుస్తకాన్ని తిప్పి తిప్పి చూశాడు. టైలరక్క తన చేతుల్ని చూసుకుంది. మాస్టారి మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. కండక్టరు వైపు తిరిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"మరి నేను అంతసేపు చెబుతుంటే ఎందుకు ఆపలేదు?"

"మీరు చెప్పింది కూడా అబద్ధం కాదు కదండీ" అన్నాడు కండక్టరు.

పరీక్ష పేపర్లలో ఒక్క మార్కు కోసం పిల్లల్ని ఏడిపించిన మాస్టారు, లేచి వెళ్ళి కండక్టరు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ రోజు మీటింగులో ఇంకెవరూ అభిప్రాయాలు చెప్పలేదు.

కమిటీవాళ్ళ గుండె అంత తొందరగా కరగలేదు. ఒక్క తప్పు చేసిన చెయ్యి పంతొమ్మిది చెయ్యదని నమ్మకమేమిటన్నారు. మేడమ్ ఎంత వాదించినా చెవిన వేసుకోలేదు. బీరువాలో పుస్తకాలు పొరుగూరి బైండరు దగ్గరికి వెళ్ళిపోయాయి. వాటిని బండిలోకి ఎక్కిస్తుంటే బాబాయ్ కిటికీలోంచి చూశాడు. బాధపడ్డాడు, పడలేదంటే అబద్ధం. బండి వీధి మలుపు తిరిగాక, వాటికోసం దాచిన మెత్తటి నూలు దారం తీసి బల్ల మీద పెట్టాడు.

అప్పటికే జిరాక్స్ కొట్టుకి వెళ్ళి ఆ పదహారు పేజీలకూ నకళ్ళు తీయించాడు. నకళ్ళలో అక్షరాలతో పాటు వేలి మరకలు కూడా బూడిద రంగులో పడ్డాయి. కండక్టరు బకెట్ నీటి చుక్కలు కూడా పడ్డాయి. జిరాక్స్ కొట్టువాడు మరకలు పోగొట్టి తీస్తానంటే బాబాయ్ వద్దన్నాడు. అసలు పేజీలు ఆకుపచ్చ పుస్తకానివి, కాబట్టి ఎర్రట్టలోంచి ఆ ఒక్క ఫారం తీసి దానికే కుట్టి, పైన టీచరమ్మ చీటీ అంటించాడు, కింద "సరిచేశాను" అని రాసి సంతకం పెట్టాడు.

ఇక మిగిలింది ఎర్రట్ట. సోమవారం పొద్దున బాబాయ్ కుళాయి దగ్గరికి వెళ్ళి, గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు పోయేదాకా చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని, అరచేతులు వేడెక్కేదాకా రుద్దుకున్నాడు. చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుని, "విప్పుతున్నాను" అని పుస్తకానికి చెప్పి, మిగిలిన దారం తెంపాడు.

బల్ల మీద ఇప్పుడు తొంభై ఏడు నుంచి నూట పన్నెండు దాకా రెండు ఫారాలున్నాయి. ఒకటి గెలుపు పుస్తకం రాసినాయనది, తెల్లగా, ఎవరి వేలూ పడకుండా. రెండోది మరకలతో. బాబాయ్ రెండూ కుట్టబోతున్నాడు. ఏ బైండరు చూసినా ఇది తప్పనే అంటాడు, అంకెలు రెండుసార్లు వస్తాయి కాబట్టి. కుర్చీ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి కుట్టబోయే పుస్తకాన్ని చదవడం మొదలుపెట్టాడు. రెండు ఫారాలూ పూర్తిగా చదివాడు. ఒకటి ఎదుటివాడి బలహీనత కనిపెట్టమంటోంది. ఇంకోటి చేతులు వెచ్చబరచుకోమంటోంది.

తర్వాత తొంభై ఆరో పేజీ దగ్గరికి తీసుకున్నాడు. దాని ఆఖరి వాక్యం ఇంకా అక్కడే ఆగి ఉంది. ఎదుటి మనిషిని మనవైపు తిప్పుకోవాలంటే ముందుగా, అని.

బాబాయ్ ఆ మాట పక్కన మరకల ఫారాన్ని పెట్టి, దబ్బనంలోకి నూలు దారం ఎక్కించాడు. తెల్లదాన్ని దాని వెనక కుట్టాడు.